నచ్చకపోతే వదిలెయ్

టీచరు నాన్సీ ఆట్‌వెల్ తరగతిలో పుస్తకాన్ని సగంలో వదిలేసినా తప్పనేవారు కాదు. నచ్చని పుస్తకాన్ని పంటి బిగువున పూర్తిచేసిన పిల్లవాడు మళ్లీ ఇంకోదాన్ని ముట్టుకోడని ఆవిడ నమ్మకం. అమెరికా ఈశాన్యపు కొసన మెయిన్ రాష్ట్రంలో ఎజ్‌కోంబ్ అనే చిన్న ఊళ్లో 1990లో ఆవిడ సొంతంగా ఒక బడి పెట్టారు. అక్కడ ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఏడాదికి సగటున 40 పుస్తకాలు చదివేవారు. పాఠ్యపుస్తకాలు కాదు, ఎవరికి వారు ఏరుకున్నవి.

ఆట్‌వెల్ పుట్టింది పండితుల ఇంట్లో కాదు. తండ్రి ఉత్తరాలు పంచేవాడు, తల్లి హోటల్లో వడ్డించేది. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో చాలాకాలం మంచం పడితే తల్లి లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి పక్కన పెట్టేది. చదువు మీద మమకారం అలా అబ్బింది. 1973లో ఉద్యోగంలో చేరాక మాత్రం ఆవిడా అందరు టీచర్లలాగే పాఠం చెప్పారు. ఏం చదవాలో టీచరే చెప్పాలి, ప్రశ్నలు టీచరే వెయ్యాలి, జవాబులు కూడా టీచరు మనసులో ఉన్నవే రావాలి.

ఆ పద్ధతికి ఎసరు పెట్టింది ఆవిడ ఇంట్లోని భోజనాల బల్ల. రాత్రిళ్లు ఆ బల్ల చుట్టూ భార్యాభర్తలు, వచ్చిపోయే స్నేహితులు చేరి, చదివిన పుస్తకాల గురించి గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. అక్కడ ఖాళీలు పూరించేది లేదు, ‘రచయిత సందేశం ఏమిటి?’ అని నిలదీసేవాళ్లూ లేరు. ఈ బల్లని తరగతిలోకి ఎలా తీసుకెళ్లడం? ఆవిడకి దొరికిన దారి ఉత్తరాలు. పిల్లలు తాము చదివిన పుస్తకం గురించి నోటుబుక్కులో టీచరుకో స్నేహితులకో ఉత్తరం రాయాలి. టీచరు దానికి మార్కులు వెయ్యరు, జవాబు రాస్తారు. 1987లో వచ్చిన ‘ఇన్ ద మిడిల్’ అనే పుస్తకంలో ఆవిడ ఈ సంగతంతా వివరంగా చెప్పారు. ఉపాధ్యాయుల కోసం రాసిన పుస్తకమే అయినా అది లక్షల్లో అమ్ముడుపోయింది.

ఆవిడ తరగతి ఒక కవితతో మొదలయ్యేది. తర్వాత టీచరో, ఎవరో ఒక విద్యార్థో లేచి తనకి నచ్చిన పుస్తకం గురించి రెండు మాటలు చెప్పేవారు. సారాంశం కాదు, ఊరించడం అన్నమాట. పిల్లలు చదివిన పుస్తకానికి పదికి ఇన్ని అని తామే మార్కులు వేసేవారు. తొమ్మిదో పదో వచ్చిన పుస్తకాల గురించే అలా చెప్పాలని నియమం. ఆ తర్వాత గదంతా నిశ్శబ్దంగా చదువుకునేది. ఆట్‌వెల్ ఒక్కొక్కరి పక్కన చేరి, గొంతు తగ్గించి నాలుగు మాటలు మాట్లాడి, చేతిలోని కాగితం మీద పేజీ నంబరు రాసుకునేవారు. పైకి అటెండెన్సులా ఉండేది కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. రాత్రి ఇంటి దగ్గర అరగంట చదవడమే హోంవర్కు. నిన్న 46వ పేజీలో ఉన్న అబ్బాయి ఇవాళ 52 దగ్గరే ఉన్నాడంటే పుస్తకం ముందుకు కదలడం లేదని తెలిసిపోయేది. తిట్టడానికి కాదు, అల్మారా దగ్గరికి తీసుకెళ్లి ఇంకోటి చూపించడానికే ఆ లెక్క.

ఇందులో ఖరీదైన వస్తువు పుస్తకాల అల్మారా కాదు, టీచరు చదువు. పన్నెండేళ్ల పిల్ల రాసిన ఉత్తరానికి నిజంగా జవాబు ఇవ్వాలంటే ఆ పిల్ల చదివిన నవల టీచరూ చదివి ఉండాలి. ఆట్‌వెల్ సెలవుల్లో కూడా పిల్లల నవలలు చదువుతూ ఉండేవారు. ‘పిల్లలు చదవడం లేదండీ’ అని వాపోయే పెద్దల్లో ఎందరు ఈమధ్య ఒక పిల్లల పుస్తకం తెరిచారో!

ఫ్రాన్సులో చాలాకాలం పాఠాలు చెప్పిన నవలాకారుడు డానియెల్ పెనాక్ ఇదే సంగతిని 1992లో మరో వైపు నుంచి చెప్పాడు. పాఠకుడికి పది హక్కులున్నాయన్నాడు. మొదటిది అసలు చదవకపోయే హక్కు, మూడోది పూర్తిచెయ్యకుండా వదిలేసే హక్కు. ఇంకా వెనక్కి వెళితే మన దేశంలోనే భావనగర్‌లో గిజుభాయి బధేకా ఉన్నాడు. వకీలు వృత్తి వదులుకుని బాలమందిరం నడిపిన మనిషి. ఆయన 1930ల తొలినాళ్లలో గుజరాతీలో రాసిన ‘పగటికల’లో ఒక టీచరు నాలుగో తరగతి పిల్లలకి మొదట కథ చెబుతాడు. కథ రుచి మరిగాక వాళ్ల ముందు కథల పుస్తకాలు పరుస్తాడు. తెలుగులోకి వచ్చిన ఈ చిన్న పుస్తకం మన టీచర్లలో చాలామందికి తెలిసిందే.

2015 మార్చిలో దుబాయిలో మొట్టమొదటి గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఆట్‌వెల్‌కి దక్కింది. కేరళ మూలాలున్న సన్నీ వర్కీ స్థాపించిన ఫౌండేషన్ ఇచ్చే బహుమతి అది. 10 లక్షల డాలర్లు. అంతా తన బడికే ఇచ్చేస్తానని ఆవిడ ప్రకటించారు. ఆ వెంటనే ఒక టీవీ ఇంటర్వ్యూలో, పరీక్షలే పరమార్థమైన ప్రభుత్వ బడుల్లో సృజన ఉన్న కుర్రకారు టీచర్లుగా ఇమడలేరన్నట్టు మాట్లాడి విమర్శలూ మూటగట్టుకున్నారు.

విమర్శ పద్ధతి మీదా ఉంది. ఆవిడది చిన్న ప్రైవేటు బడి, తరగతిలో కొద్దిమందే పిల్లలు. పైగా అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక, తరగతిలో ఎవరికి వారు మౌనంగా చదువుకుంటే ధారాళంగా చదవడం వస్తుందనడానికి తగినంత రుజువు దొరకలేదంది. కూడబలుక్కుని చదివే పిల్లల చేతిలో నవల పెట్టి ఊరుకుంటే లాభం లేదన్నది నిజమే. అక్షరం పట్టుబడడం ఒక పని, పట్టుబడ్డాక చదవాలనిపించడం ఇంకో పని. ఆట్‌వెల్ చేసింది రెండోది. మన ప్రభుత్వ బడుల్లో చాలాచోట్ల రెండూ ఒకే టీచరు మీద పడతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం మొదలైంది, తెలంగాణలో 2022లో వంద రోజుల ‘రీడ్’ పఠన కార్యక్రమం నడిచింది. పుస్తకాలకి కొదవ లేని బడుల్లోనూ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు మాత్రం అంత తేలిగ్గా పోదు. దానికి కారణం బద్ధకం అనుకుంటే పొరపాటు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో లెక్క చూపాల్సింది ఇన్‌చార్జి టీచరే. చిరిగిపోయినవీ పోయినవీ లెక్కలోంచి తీసేసే వెసులుబాటు ఇస్తే సగం తాళాలు వాటంతటవే ఊడతాయి.

మిగతా చిక్కు అచ్చులో ఉంది. బొమ్మల పుస్తకాలు, చిన్నపిల్లల కథలు తెలుగులో చౌకగానే దొరుకుతున్నాయి. ‘మంచి పుస్తకం’ లాంటి సంస్థలు ఓపిగ్గా వేస్తున్నాయి. ‘బుడుగు’ ఉంది, ‘రైలుబడి’ ఉంది. కానీ ఎనిమిదో తరగతి అమ్మాయి ‘రైలుబడి’ ముగించి, ‘ఇలాంటిది ఇంకోటి ఉందా టీచర్?’ అంటే రెండోదీ మూడోదీ చూపించగలరు. పదోదాని దగ్గరికొచ్చేసరికి టీచరు తడుముకోవాల్సి వస్తుంది, ఇక నలభయ్యోదాని మాట చెప్పనే అక్కర్లేదు.