దున్నకపోతే ఖాళీయేనా?

మాది నందికొట్కూరు వైపు పల్లె. ఉద్యోగమంతా విశాఖ స్టీల్ ప్లాంటులో గడిచి, రిటైరయ్యాక గాజువాకలోనే స్థిరపడ్డాను. మా వైపు గడ్డి బీళ్ల ముచ్చట తెస్తే ఇక్కడి మిత్రులు ఠక్కున అడుగుతారు: "అంత నేల ఖాళీగా ఉందా మాస్టారూ? ఏదైనా ఫ్యాక్టరీ పెట్టొచ్చుగా!" 64 ఊళ్ల భూములు తీసుకుని కట్టిన ప్లాంటు నీడలో బతికేవాళ్లం, అలా అడగడంలో వింతేముంది?

కానీ అది ఖాళీ నేల కాదు. తొలకరి పడితే గడ్డి లేస్తుంది. పగలంతా గొర్రెలు అందులో మేస్తాయి. కోత అయిపోయిన చేలల్లో రైతులు రాత్రిళ్లు మంద కట్టించుకుంటారు. కాపరికి గింజలో డబ్బులో ముడతాయి, చేనుకు ఎరువు దక్కుతుంది. బీడు మేత అలా జొన్నచేను బలమవుతుంది. బట్టమేకపిట్టకూ ఇదే చోటు కావాలి. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది నేల మీదే, సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. గడ్డిలోనూ మెట్టచేలల్లోనూ మిడతల్ని ఏరుకు తింటుంది.

ఆ పిట్ట కోసమే 1988లో మా వైపే రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. లోపల కాపలా బాగానే ఉంది, మారింది చుట్టుపక్కల. అలగనూరు జలాశయం, కాలువలు వచ్చాయి, పంటలు మారాయి. నీళ్లొస్తే ఏ రైతు వద్దంటాడు? మా నాన్న ఉన్నా వద్దనేవాడు కాదు. రక్షణ దొరికిన కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. రైతుకు అభయారణ్యమంటేనే ఒళ్లుమంట. ఇంతా చేసి, దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా మిగిలిన బట్టమేకపిట్టలు నూట యాభై లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

గడ్డినేలను దున్నేస్తే ఏమవుతుందో అమెరికాలోని ప్రెయిరీ గడ్డి మైదానాలు చూపించాయి. ఆ కథలో మా ఉక్కుకీ వాటా ఉంది. అక్కడి జిగట మన్ను పాత ఇనుప నాగళ్లకు అంటుకుపోయేది. 1837లో జాన్ డీర్ నున్నటి ఉక్కు కర్రుతో నాగలి చేశాడు. మన్ను జారిపోయింది, దున్నకం జోరందుకుంది. తర్వాత ట్రాక్టర్లు వచ్చి, ఇంకా పడమటనున్న మెట్ట మైదానాల్నీ తిరగేశాయి. 1930లలో వానలు మొహం చాటేశాయి. మన్నును పట్టి ఉంచే గడ్డి వేళ్లు లేవు. 1934 మేలో ఆ దుమ్ము న్యూయార్క్ దాకా ఎగిరి వచ్చింది. చివరికి పాడైన పొలాల్ని ప్రభుత్వమే కొని, మళ్లీ గడ్డి విత్తించింది. దున్నడానికో ఖర్చు, మాన్పడానికో ఖర్చు!

మన దగ్గర ఇంకో ముచ్చట ఉంది, పచ్చదనం పేరుతో గడ్డినేలలో చెట్లు నాటడం. దూరం నుంచే శత్రువును కనిపెట్టి బతికే పిట్టకు తోపు ఎందుకు?

అధికారులకు నా విన్నపం ఇంతే. జింకలు తిన్న పంటకు పరిహారం ఆ పంటకాలంలోనే ఇవ్వండి. బీళ్ల చుట్టూ జొన్న, కొర్ర వేసేవాళ్లకు గిట్టుబాటు ధర చూపండి. మిగిలిన గడ్డిలో మొక్కలు మాత్రం నాటకండి.