ఇల్లు దాటని తాళంచెవి

"సార్, ఉత్తరానికి తాళం వేసి పంపితే తాళంచెవి కూడా పంపాలి గదా? దాన్నే దారిల ఎవడన్న పట్టుకుంటే?" కరీంనగర్‌లో డిప్లొమా పిల్లలకు నెట్‌వర్క్ పాఠం చెబుతుంటే, మంచిర్యాల అమ్మాయి అడిగింది. వందల ఏళ్లు సైన్యాలనూ రాయబారులనూ పీడించిన ప్రశ్న ఇది. జవాబు మాత్రం సుద్దముక్కకు లొంగుతుంది.

2, 11 ప్రధాన సంఖ్యలు. గుణిస్తే 22. ఒక్కోదాంట్లో 1 తీసేసి గుణిస్తే 10. ఇప్పుడు 3, 7 జంటను పట్టుకుందాం. 3×7=21; 10తో భాగిస్తే 1 మిగులుతుంది, మనకు కావలసింది అదే. 22నూ 3నూ ఊరంతా చాటేస్తాను. 7 నా దగ్గరే దాస్తాను. ఆ అమ్మాయి నాకు 4 పంపాలి. 4×4×4=64, 22తో భాగిస్తే శేషం 20. పంపేది ఆ 20నే. నేను ఏడు ఇరవైలను గుణిస్తాను: 128 కోట్లు. 22తో భాగిస్తే శేషం 4! పిల్లలంతా ఫోన్లు తీసి లెక్క సరిచూసుకున్నారు.

దొంగకు 7 దొరకాలంటే 10 తెలియాలి, 10 తెలియాలంటే 22ను విడగొట్టాలి. 22 అయితే చిటికెలో పని. 250 అంకెల సంఖ్యను 2020లో విడగొట్టినప్పుడు మాత్రం, ఒక్క ప్రాసెసర్ కోర్ 2,700 ఏళ్లు చేసేంత పని పట్టింది. ఇప్పుడు వాడేవి 600 అంకెలు దాటినవి.

ఈ లెక్క 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్‌లది. దాన్ని ఇంటి కంప్యూటర్‌కు తెచ్చింది 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ రాసిన పీజీపీ అనే ప్రోగ్రామ్. ఇందులో 7 పుట్టేది మన యంత్రంలోనే. పాస్‌ఫ్రేజ్ కప్పుకొని అక్కడే ఉంటుంది. మెయిల్ సర్వర్ మోసేది ఉత్తి 20. మామూలు ఈమెయిల్‌లో దారి చాలావరకు భద్రమే అయినా, సర్వర్‌కు చేరాక కంపెనీ చదవగలదు. నా దృష్టిలో అసలు తేడా అదే. పీజీపీలో ఇంకో తెలివి ఉంది: పెద్ద సంఖ్యల లెక్క నెమ్మది కాబట్టి, ఉత్తరాన్ని అప్పటికప్పుడు పుట్టించిన చిన్న తాళంచెవితో చకచకా మూసేసి, ఆ చిన్నదాన్ని మాత్రమే ఈ లెక్కతో మూస్తుంది.

గట్టి గూఢలిపి సాఫ్ట్‌వేర్‌ను అమెరికా అప్పట్లో ఆయుధాల జాబితాలో పెట్టింది. పీజీపీ దేశం దాటిందని జిమ్మర్‌మన్‌పై మూడేళ్లు విచారణ సాగింది. 1995లో ఎంఐటీ ప్రెస్ ఆ ప్రోగ్రామంతా పుస్తకంగా అచ్చేసింది. పుస్తకాన్ని ఏ చట్టం ఆపుతుంది! 1996 జనవరిలో కేసు మూసేశారు.

తర్వాత ఇదే పని చేసే గ్నూపీజీ అందరికీ ఉచితంగా వచ్చింది, 2020లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ ఈ పద్ధతిని తనలోనే కలుపుకుంది. హైదరాబాద్ ఐడీఆర్‌బీటీ బ్యాంకులకిచ్చే డిజిటల్ సర్టిఫికెట్లదీ ఈ వంశమే. కరీంనగర్ ఆడిటర్లు జేబులో వేసుకు తిరిగే డిజిటల్ సంతకాల డాంగిల్ కూడా అంతే: సంతకం బయటికొస్తుంది, లోపలి రహస్య సంఖ్య రాదు.

కంప్యూటర్ పాడైతే మాత్రం ఏ కంపెనీ మన 7ను తిరిగి ఇవ్వలేదు, పాత ఉత్తరాలు మనకే తెరుచుకోవు. అందుకే తాళంచెవి నకలొకటి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టుకోవాలి. ఆ తాళంచెవి ఇక చెల్లదని చాటడానికి గ్నూపీజీ దాంతోపాటే తయారుచేసే రద్దు పత్రాన్నీ అక్కడే ఉంచాలి.