విల్మ్స్ కణితి నుండి కోలుకున్నవారి మూత్రపిండ ఆరోగ్యము

విల్మ్స్ కణితి చిన్నపిల్లల మూత్రపిండాలకు వచ్చే క్యాన్సర్లలో ప్రధానమైనది. 1899లో దీనిని విపులంగా వర్ణించిన జర్మన్ శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ పేరు దీనికి స్థిరపడినది. ఎక్కువగా అయిదేళ్ళలోపు పిల్లలలో కనిపిస్తుంది. సంపన్న దేశాలలో నేడు పదిమందిలో తొమ్మిదిమంది వరకు బ్రతుకుతున్నారు. వ్యాధి నయమైన తరువాత వారి మూత్రపిండ స్థితి ఎట్లుండునో ఈ వ్యాసంలో వివరించబడినది.

ఒంటి మూత్రపిండము

సాధారణంగా కణితి ఉన్న మూత్రపిండాన్ని పూర్తిగా తొలగిస్తారు. రెండవది క్రమంగా పెరిగి, రెండింటి పనిని చాలావరకు తానే నిర్వహిస్తుంది. అయితే అందలి సూక్ష్మమైన వడపోత భాగాలపై భారం అధికమవుతుంది. అందువలన కొందరిలో కొన్నేళ్ళకు రక్తపోటు పెరుగుట, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోవుట మొదలవుతుంది. నొప్పి ఉండదు గనుక పరీక్ష చేయనిదే ఇది తెలియదు.

అట్లని అందరూ భయపడనక్కరలేదు. అమెరికాలో 1969లో ఆరంభమైన జాతీయ విల్మ్స్ కణితి అధ్యయనం ప్రకారం, ఒకవైపే కణితి ఉండి, పుట్టుకతో ఇతర లోపాలు లేనివారిలో 20 ఏళ్ళకు మూత్రపిండం పూర్తిగా విఫలమైనవారు నూటికి ఒక్కరికంటె తక్కువ. ఇతర లోపాలు లేకున్నా రెండువైపులా కణితి వచ్చినవారిలో సుమారు 12 శాతం. డబ్ల్యుటి1 అనే జన్యువు దెబ్బతినుట వలన కలిగే డెనిస్-డ్రాష్ లక్షణ సముదాయంలో ఒకవైపు కణితి వచ్చినవారికే ఇది 74 శాతం.

వాడిన చికిత్సను బట్టి కూడా ముప్పు మారుతుంది. విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి మందుల వలన మూత్రపిండానికి హాని స్వల్పం. ఐఫాస్ఫమైడ్, కార్బోప్లాటిన్, పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ వలన ఎక్కువ. కావున ఆసుపత్రి కాగితాలను పెళ్ళి పత్రికలవలె పెట్టె అడుగున పడవేయక, జీవితాంతం భద్రపరచాలి.

నెల్లూరు తీరంలో

ఈ తీరవాసులకు క్యాన్సరు చికిత్సకు చెన్నై దగ్గర. 1954లో స్థాపించబడిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే కలదు. కాని మూడేళ్ళ వయసులో శస్త్రచికిత్స జరిగిన బిడ్డ, ఇరవై ఏళ్ళకు ఇసకపల్లి ఉప్పు కొఠారులలోనో రొయ్యల చెరువుల గట్టునో పనికి వెళ్ళే నాటికి, తనకు ఒక్క మూత్రపిండమే ఉన్నదన్న సంగతి ఎవరికీ చెప్పకపోవచ్చు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, చెమటపట్టి నీరు చాలని స్థితిలో, ఒళ్ళునొప్పులకు మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మింగుట ఒంటి మూత్రపిండానికి మిక్కిలి చేటు. రక్తపోటు ఉన్నవారు ఎండుచేపలు, ఊరగాయలు తగ్గించుట మేలు.

ఏటా ఒకసారి రక్తపోటు, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షించుకొనాలి. స్త్రీలు గర్భం ధరించినపుడు తమ చికిత్స సంగతి వైద్యురాలికి మొదటనే తెలుపవలెను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ప్రబలిన మూత్రపిండ వ్యాధి దీనికి భిన్నమైనది. దాని కారణం ఇంకను నిర్ధారణ కాలేదు.