ముందు కాగితం చదవండి

సహోద్యోగి ఫిర్యాదు, చేతిలో వార్నింగ్ లెటర్, ఊరు కాని ఊరు. ఎర్లాంగెన్‌లో మన ఉద్యోగి అప్పుడేం చేయాలి?

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఏటా పెంతెకొస్తు పండగ వేళ పన్నెండు రోజుల తిరునాళ్లు జరుగుతాయి. పేరు బెర్గ్‌కిర్ష్‌వై. 1755 నుంచీ ఉన్న ఉత్సవం. బుర్గ్‌బెర్గ్ కొండవాలులో చెట్ల కింద బల్లలు, లీటరు మగ్గులు, బ్యాండు మేళాలు, జెయింట్ వీలు. ఆఫీసుల్లో టీములకు టీములే సాయంత్రాలు అటు కదులుతాయి. ఆ కొండ మీద తెలిసినవాళ్ల కంట పడకుండా తిరగడం కష్టం.

ఒక తెలుగు ఇంజినీరు ఉన్నాడనుకుందాం. గొంతునొప్పి, జ్వరం. డాక్టరు వారం సెలవు రాశాడు. ఐదో రోజుకు జ్వరం తగ్గింది. స్టుట్‌గార్ట్ నుంచి స్నేహితులొస్తే వాళ్లను కొండ దాకా తీసుకెళ్లి, అరగంట నిలబడి వచ్చేశాడు. పక్క టీములో మనిషి చూశాడు, నవ్వుతూ పలకరించాడు కూడా. సోమవారం వెళ్లి మేనేజరు చెవిన వేశాడు. పది రోజులకు హెచ్‌ఆర్ నుంచి పిలుపు. గదిలో మేనేజరు, హెచ్‌ఆర్ ఆవిడ, బల్ల మీద ఒకటిన్నర పేజీ జర్మన్ కాగితం.

ఇది నేను అల్లిన ఉదాహరణే. కానీ ఇందులో ఏదీ జరగరానిది కాదు. కారణం వేరే కావచ్చు. సెలవు మీద హైదరాబాద్ వెళ్లి, అనుమతి లేకుండా మరో రెండు వారాలు అక్కడి నుంచే లాగిన్ కావడం, ఆఫీసు ఫైలును సొంత మెయిలుకు పంపుకోవడం, పని గంటలు ఎక్కువ వేసుకోవడం, మీటింగులో గొంతు పెంచడం. కారణం ఏదైనా చేతికొచ్చే కాగితం ఒకటే. జర్మనీలో దాన్ని అబ్‌మానుంగ్ అంటారు.

ఆ కాగితం అందుకున్న మనవాళ్ల మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఎవరు చెప్పారు?’ రాత్రంతా అదే ఆలోచన. క్యాంటీన్‌లో ఎవరు చూపు తిప్పుకున్నారు, ఎవరు ఎక్కువగా నవ్వారు, ఎవరు చాడీలు మోసుంటారు అని లెక్కలు. కాగితం మాత్రం బ్యాగులోనే మడతపడి ఉంటుంది. ఈ కథనం రాయడానికి కారణం ఇదే. ఆ కాగితాన్ని చదవాలి, ఒక్కో వాక్యం చదవాలి. మీ ఉద్యోగం ఆధారపడేది అందులో రాసినదాని మీదే. చెప్పింది ఎవరన్నది ఆ తర్వాతి మాట, చాలాసార్లు అసలు అక్కర్లేని మాట.

కాగితంలో ఏముంటుంది?

సరైన అబ్‌మానుంగ్‌లో కొన్ని సంగతులు తప్పకుండా ఉండాలి. మీరేం చేశారు, ఏ తేదీన, ఎక్కడ అన్నది స్పష్టంగా ఉండాలి. ‘తరచూ ఆలస్యంగా వస్తున్నారు’, ‘టీముతో కలవడం లేదు’ లాంటి గాలిమాటలు కోర్టులో నిలబడవు. అది ఒప్పందంలోని ఏ బాధ్యతకు విరుద్ధమో చెప్పాలి. మళ్లీ చేయొద్దని హెచ్చరించాలి. చేస్తే ఉద్యోగం పోయే ప్రమాదం ఉందని చెప్పాలి. ఆ చివరి మాట లేకపోతే అది మందలింపు మాత్రమే. రాతపూర్వకంగానే ఇవ్వాలని చట్టం లేదు, నోటితో చెప్పినా చెల్లుతుంది. కానీ కంపెనీలు కాగితం మీదే ఇస్తాయి, ఎందుకంటే రేపు కోర్టులో చూపాల్సింది వాళ్లే.

ఒకే కాగితంలో నాలుగు ఆరోపణలు గుప్పించి, అందులో ఒక్కటి తప్పని తేలినా మొత్తం కాగితాన్నే ఫైలులోంచి తీసేయాలని ఎర్‌ఫుర్ట్‌లో ఉన్న ఫెడరల్ లేబర్ కోర్టు చాలాకాలంగా చెబుతోంది. అందుకే ప్రతి వాక్యం చదవమంటున్నాను. మన ఇంజినీరు సంగతే చూడండి. జబ్బు సెలవులో ఉన్నవాడు ఇంట్లో పడుకునే ఉండాలని జర్మన్ చట్టంలో లేదు. కోలుకోవడాన్ని ఆలస్యం చేసే పని చేయకూడదు, అంతే. జ్వరం తగ్గాక అరగంట కొండ దాకా నడిచి రావడం నేరం కాదు. అతనికి ఆ సంగతి తెలియకపోతే, తప్పు చేసినవాడిలా తల దించుకుని బయటికొస్తాడు.

ఇక్కడ మనవాళ్లను తికమక పెట్టేది ఇంకోటుంది. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగికి మెమో వచ్చినా, షోకాజ్ నోటీసు వచ్చినా ముందు సంజాయిషీ అడుగుతారు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ 1991 నాటి నిబంధనల్లో అన్నిటికన్నా చిన్న శిక్ష అభిశంసన. దానిక్కూడా ముందు వివరణ తీసుకోవాల్సిందే. జర్మన్ ప్రైవేటు కంపెనీలో మాత్రం చాలా చోట్ల ముందు అడగాల్సిన పని లేదు, నేరుగా కాగితం ఇచ్చేయొచ్చు. మీ మాట చెప్పే వంతు ఆ తర్వాత వస్తుంది. ‘నన్ను అడగనే లేదు’ అన్న బాధ న్యాయమైనదే. ఆ బాధలోనే ఆగిపోతే చెప్పాల్సిన మాట చెప్పకుండా మిగిలిపోతుంది.

ఒక యూరో ముప్ఫై సెంట్లు

ఈ కాగితానికి జర్మనీలో ఇంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే బెర్లిన్ సూపర్‌మార్కెట్ క్యాషియరు బార్బరా ఎమ్మె కథ తెలుసుకోవాలి. పత్రికలు ఆమెను ‘ఎమ్మెలీ’ అన్నాయి. 1977 నుంచి కౌంటరులో పనిచేసిన మనిషి. 2008 జనవరిలో దుకాణంలో రెండు రశీదులు దొరికాయి. ఖాళీ సీసాలు వెనక్కిచ్చినప్పుడు మెషిన్ ఇచ్చే రశీదులవి. ఒకటి 48 సెంట్లది, ఇంకోటి 82 సెంట్లది. పోగొట్టుకున్నవాళ్లు వస్తే ఇవ్వమని మేనేజరు వాటిని ఆమె దగ్గర ఉంచాడు. కొద్ది రోజులకు ఆమె సొంత సరుకులు కొనుక్కుంటూ ఆ రెండూ కౌంటరులో ఇచ్చింది. ఆ కౌంటరులో బిల్లు వేసింది సహోద్యోగే. విషయం పైదాకా వెళ్లింది. ఫిబ్రవరిలో నోటీసు గడువు కూడా లేకుండా ఉద్యోగంలోంచి తీసేశారు. మొత్తం కలిపి 1.30 యూరోలు.

ఆమె చేసింది తప్పు కాదని ఏ కోర్టూ అనలేదు. విచారణలో పొంతన లేని జవాబులు చెప్పింది. కారణం లేకుండా ఒక సహోద్యోగి మీదికి నెట్టే ప్రయత్నమూ చేసింది. బెర్లిన్ లేబర్ కోర్టుల్లో రెండుసార్లూ ఓడిపోయింది. దేశమంతా దీని మీద వాదించుకుంది. ఆఖరికి 2010 జూన్ 10న ఫెడరల్ లేబర్ కోర్టు తీర్పు ఆమె వైపు వచ్చింది. తప్పు తప్పే. అయితే మూడు దశాబ్దాల నమ్మకం 1.30 యూరోలకు తుడిచిపెట్టుకుపోదు, నష్టం చిన్నది, అబ్‌మానుంగ్ ఇస్తే సరిపోయేది అని కోర్టు తేల్చింది. ఆమె తిరిగి పనిలో చేరింది.

నా మటుకు నాకు ఈ కేసులో గుర్తుపెట్టుకోవాల్సింది రెండు సంగతులు. ఒకటి, అబ్‌మానుంగ్ అంటే ఉద్యోగం ఊడినట్టు కాదు. చాలా సందర్భాల్లో అది లేకుండా ఉద్యోగం తీయడం కంపెనీకి కష్టం కాబట్టి, ఉద్యోగికి అది రక్షణ కూడా. ఒకసారి ఆ కాగితం ఇచ్చాక అదే తప్పుకు మళ్లీ ఉద్యోగం తీసేయడానికి వీల్లేదు. రెండు, భయంతో ఇంకొకరి మీదికి నెట్టడం ఎమ్మెకు ఏ మేలూ చేయలేదు. కింది కోర్టులో అది ఆమెకే ఎదురు తిరిగింది.

ఫిర్యాదు చేసినవాడు శత్రువేనా?

మనిషి ముఖం మీద నవ్వి వెనక వెళ్లి చెప్పడం ఎవరికైనా గుచ్చుకుంటుంది. ‘నాతోనే అంటే సరిపోయేది కదా’ అనిపిస్తుంది. నిజమే, మంచి సహోద్యోగి ముందు మీతోనే అంటాడు. కానీ ఎర్లాంగెన్‌లో ఈ సంగతికి వేరే నేపథ్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సీమెన్స్ తన విద్యుత్ వ్యాపారం కేంద్రాన్ని బెర్లిన్ నుంచి ఇక్కడికి తెచ్చుకుంది. ఊరి బతుకు చాలా వరకు ఆ కంపెనీతో ముడిపడింది. 2006 నవంబరులో లంచాల కేసులో పోలీసులు సీమెన్స్ ఆఫీసుల్లో సోదాలు చేసినప్పుడు మ్యూనిక్‌తో పాటు ఎర్లాంగెన్‌లోనూ చేశారు. 2008 డిసెంబరుకల్లా అమెరికాలో, జర్మనీలో కలిపి కంపెనీ కట్టాల్సి వచ్చిన మొత్తం దాదాపు 160 కోట్ల డాలర్లు. తెలిసినవాళ్లు నోరు మూసుకుని ఉండటం వల్ల వచ్చిన నష్టం ఎంతో ఆ కంపెనీ చూసింది. ఆ తర్వాత ‘చూస్తే చెప్పండి’ అన్నది పెద్ద కంపెనీల్లో ఒక నియమంగా స్థిరపడింది.

దేశానికి ఇంకా చేదు జ్ఞాపకం కూడా ఉంది. ఎర్లాంగెన్ ఉన్న ఈ ఫ్రాంకోనియా ప్రాంతంలోని వూర్ట్స్‌బర్గ్‌లో మిగిలిన గెస్టపో ఫైళ్లను చదివి చరిత్రకారుడు రాబర్ట్ గెల్లట్లీ 1990లో పుస్తకం రాశాడు. హిట్లర్ కాలపు రహస్య పోలీసులు ఎంతగా ఇరుగుపొరుగు, సహోద్యోగుల కబుర్ల మీద ఆధారపడ్డారో అందులో ఉంది. కాబట్టి చాడీలు మోసేవాళ్లంటే జర్మన్లకూ ఏవగింపే. లోపాన్ని బయటపెట్టడానికీ పగ తీర్చుకోవడానికీ మధ్య గీత గీయడానికి వాళ్లు చట్టాలే చేసుకున్నారు. 2023 జులైలో అమల్లోకి వచ్చిన చట్టం తీవ్రమైన చట్టవిరుద్ధ పనుల గురించి నిజాయితీగా చెప్పినవాళ్లను కాపాడుతుంది. తెలిసీ అబద్ధం చెప్పినవాళ్లకు ఆ రక్షణ లేదు. కొండ మీద కనిపించావన్న కబురుకు ఆ చట్టంతో సంబంధమే లేదు.

అందువల్ల చెప్పినవాడిని నిలదీయడం, వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి తిట్టడం, ఇద్దరు ముగ్గురిని కూడగట్టడం వద్దు. రెండో అబ్‌మానుంగ్‌కు మీరే కారణం సిద్ధం చేసిచ్చినట్టవుతుంది. ‘గుడ్ మార్నింగ్’ చెప్పండి, పని మాటలు మాట్లాడండి. స్నేహం ముగిసిపోతే పోనివ్వండి.

ఆ వారంలో చేయాల్సింది

గదిలో ఉండగా సంతకం అడిగితే, కాగితం అందిందని మాత్రమే రాసి సంతకం చేయొచ్చు. అసలు చేయకుండానూ ఉండొచ్చు, అందులో నేరం లేదు. ఆరోపణ ఒప్పుకుంటున్నట్టు ఒక్క ముక్క కూడా రాయొద్దు. ‘చదివి, ఆలోచించి జవాబిస్తాను’ అని లేచి వచ్చేయండి. ఆ సాయంత్రమే, జ్ఞాపకం చెదరకముందే, ఆ రోజు ఏం జరిగిందో తేదీలతో, ఈమెయిళ్లతో రాసి పెట్టుకోండి.

మీ కంపెనీలో బెట్రీబ్స్‌రాట్ ఉంటే, అంటే ఉద్యోగులు ఎన్నుకున్న కౌన్సిల్ ఉంటే, మర్నాడే వెళ్లండి. దాన్ని యూనియన్ గొడవ అనుకుని మనవాళ్లు దూరంగా ఉంటారు. అది పొరపాటు. 1972 నాటి చట్టం ప్రకారం మీ పర్సనల్ ఫైలు తెరిచి చూసే హక్కు మీకుంది, కౌన్సిల్ సభ్యుణ్ని వెంటబెట్టుకుని వెళ్లొచ్చు. మీ వివరణను ఆ అబ్‌మానుంగ్ పక్కనే పెట్టించే హక్కుంది. అన్యాయం జరిగిందని ఫిర్యాదు చేసే హక్కుంది. ఫిర్యాదు చేసినందుకు మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని ఆ చట్టమే చెబుతోంది.

వివరణ అరపేజీ చాలు. జరిగింది జరిగినట్టు రాయండి. తప్పు నిజమైతే నిజమనే రాయండి, ఇకపై ఏం మారుస్తారో చెప్పండి. అనుమతి లేకుండా హైదరాబాద్ నుంచి పనిచేసినవాడు ‘అందరూ చేస్తున్నారు’ అని రాస్తే లాభం లేదు. ఆరోపణ సగం అబద్ధమైతే ఏ సగమో చూపించండి. చెప్పిన మనిషి స్వభావం గురించి ఒక్క మాటా వద్దు.

కోర్టుకు వెళ్లాలా? వెళ్లొచ్చు, ఎర్లాంగెన్ వాళ్లకు న్యూరెంబర్గ్ లేబర్ కోర్టు ఉంది. కానీ వెళ్లకపోయినా పోయేదేమీ లేదు. రేపెప్పుడైనా ఈ కాగితం ఆధారంగా ఉద్యోగం తీస్తే అప్పుడు కూడా దీన్ని సవాలు చేయొచ్చు. చాలామందికి ఫైలులో వివరణ పెట్టి ఊరుకోవడమే మేలని నా అభిప్రాయం. రెండు మూడేళ్లకు కాగితం దానంతటదే పోతుందన్న మాట మాత్రం నమ్మకండి. అలాంటి గడువేదీ లేదని 2012లో ఫెడరల్ లేబర్ కోర్టు చెప్పింది.

వీసా భయం మనవాళ్లందరిదీ. అబ్‌మానుంగ్ వచ్చినంత మాత్రాన బ్లూకార్డుకు ఏమీ కాదు, విదేశీయుల కార్యాలయానికి చెప్పాల్సిన పనీ లేదు. గడువుకు ముందే ఉద్యోగం ముగిసిపోతున్నట్టు తెలిస్తే మాత్రం రెండు వారాల్లో చెప్పాలి. అందుకే భయంతో రాజీనామా చేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ‘మర్యాదగా విడిపోదాం’ అంటూ ఒప్పందం ముందు పెడితే అక్కడికక్కడ సంతకం చేయొద్దు. సొంతంగా మానేసినా, సరైన కారణం లేకుండా అలాంటి ఒప్పందం చేసుకున్నా, నిరుద్యోగ భృతి సాధారణంగా పన్నెండు వారాలు ఆగిపోతుంది. చేరిన మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఉద్యోగ రక్షణ చట్టం అప్పటికింకా వర్తించదు. మెటల్, ఎలక్ట్రికల్ కంపెనీల వాళ్లకు ఐజీ మెటల్ యూనియన్ ఉంది. జీతంలో ఒక శాతం చందా, మూడు నెలల సభ్యత్వం తర్వాత కోర్టు సాయం. గొడవ వచ్చాక చేరితే ఆ గొడవకు అక్కరకు రాదు.

ఎర్లాంగెన్‌లో ఏళ్ల తరబడి ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఒక మనవి. అలాంటి కాగితం పట్టుకుని ఓ కుర్రాడో అమ్మాయో ఫోన్ చేస్తే, ‘ఏం చేశావ్’ అని అడక్కండి. వాళ్లమ్మానాన్నలకు చెప్పుకోలేక మీకు చేశారు. ఇంటికి పిలిచి ఇంత అన్నం పెట్టండి. కాగితం తీసి బల్ల మీద పరిచి, జర్మన్ బాగా వచ్చినవాళ్లు ఒకరు పక్కన కూర్చుని మొదటి వాక్యం నుంచి చదివి వినిపించండి. ఒకవేళ ఉద్యోగం తీసేసిన కాగితమే అయితే, అది చేతికందిన రోజు నుంచి కోర్టులో కేసు వేయడానికి ఉండే గడువు మూడు వారాలే.