ఇంట్లో సైకిల్ రిపేర్ స్టాండ్: ఏది కొనాలి, ఎలా వాడాలి?

పోయిన ఎపిసోడ్‌లో చెయిన్ శుభ్రం చేయడం చూపించాక చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, వెనక చక్రం గాల్లో ఉంటేనే కదా పెడల్ తిప్పగలం, మా సైకిల్‌కి ఉన్నది సైడ్ స్టాండే, మరెట్లా?" అని.

చాలామంది చేసే పని, సైకిల్‌ని తలకిందులు చేసి సీటు మీద, హ్యాండిల్ మీద నిలబెట్టేయడం. మామూలు బ్రేకుల సైకిల్‌కి పంక్చర్ వేసుకోవాలంటే పర్లేదు. కానీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులుంటే, లివర్ దగ్గర ఆయిల్‌లో ఉన్న గాలి బుడగ పైపులోకి జారే అవకాశం ఉంది. ఆ తర్వాత బ్రేక్ నొక్కితే స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంది. పైగా బెల్లు, లైటు, ఫోన్ హోల్డర్ అన్నీ నేలకి నొక్కుకుని గీతలు పడతాయి.

మన తాతల కాలం సైకిళ్లకి ఈ బాధే లేదు. వెనకాల ఉండే ఆ పెద్ద స్టాండ్ వేస్తే చక్రం నేల వదిలి లేచేది. రిపేర్ స్టాండ్ సైకిల్‌తోపాటే వచ్చేదన్నమాట! గేర్ సైకిళ్లకి అది లేదు కాబట్టి ఇప్పుడు అదే పని చేసేదాన్ని విడిగా కొంటున్నాం.

ముందు మీకెంత అవసరమో చూసుకోండి. చెయిన్‌కి ఆయిల్ వేయడం, గేర్లు కొంచెం సరిచేసుకోవడం, ఇంతేనా? అయితే వెనక చక్రాన్ని మాత్రం ఎత్తిపట్టే చిన్న స్టాండ్ చాలు. చవక, మడిచి మంచం కింద పెట్టేయొచ్చు. కింద కూర్చుని పని చేయాలి, అంతే. నా లెక్కలో పదిమందిలో ఏడుగురికి ఇది సరిపోతుంది. పెద్దది కొని బట్టలు ఆరేసుకునేవాళ్లని చూశాను!

బ్రేక్ కేబుల్ మార్చడం, చక్రాలు విప్పడం లాంటివి నెలనెలా చేసేవాళ్లకి మాత్రం సైకిల్ మొత్తాన్ని గాల్లో పట్టుకునే క్లాంప్ స్టాండ్ నడుముకి సుఖం. ఇంకో రకం ఉంది. ముందు చక్రం తీసేసి ఫోర్క్‌ని బిగిస్తారు, పెడళ్ల మధ్య భాగం కింద ఒక ఆసరా ఉంటుంది. ఫ్రేమ్‌ని ఎక్కడా నొక్కదు కాబట్టి కార్బన్ సైకిళ్లకి మంచిది. అయితే మీది క్విక్ రిలీజా, త్రూ యాక్సిలా చూసుకుని దానికి సరిపడే అడాప్టర్ ఉందో లేదో అడిగే కొనండి.

కొనేటప్పుడు రంగు కాదు, బరువు లిమిట్ చూడండి. మన స్టీల్ సైకిళ్లు 20 కిలోల దాకా తూగుతాయి, ఎలక్ట్రిక్ సైకిల్ ఇంకా ఎక్కువ. లిమిట్‌కి దగ్గరగా కాకుండా కొంత మిగులు ఉండేలా తీసుకోండి. ఎలక్ట్రిక్ అయితే బ్యాటరీ తీశాకే ఎత్తండి.

ఇప్పుడు అసలు విషయం. క్లాంప్‌ని ఎక్కడ బిగించాలి? పై గొట్టం చేతికి అందుతుంది కదా అని అక్కడే బిగించేస్తారు. వద్దు! కార్బన్ గొట్టం సైకిల్ తొక్కే బరువుని మోస్తుంది కానీ, పక్కల నుంచి నొక్కితే పగులుతుంది. పగులు లోపలే ఉంటే పైకి కనిపించదు కూడా. అల్యూమినియం గొట్టాలు కూడా మధ్యలో పల్చగా ఉంటాయి, సొట్ట పడతాయి. బిగించాల్సింది సీటు పోస్ట్‌కి. సీటు ఎత్తుకి టేపుతో గుర్తు పెట్టుకుని కొంచెం పైకి లాగండి, కనీస లోతు గీత మాత్రం దాటనివ్వకండి. సీటు పోస్టే కార్బన్ అయితే ఒక పాత గుడ్డ చుట్టి, జారకుండా ఉండేంతే బిగించండి.

స్టాండ్ ఎక్కడ పెట్టాలి? బాల్కనీలో నీళ్లు పోవడానికి వాటం ఉంటుంది, అక్కడ స్టాండ్ ఒరుగుతుంది. సమంగా ఉన్న నేల చూసుకోండి. కాళ్లు పూర్తిగా చాపాలి. సైకిల్ వేలాడే వైపుకి ఒక కాలు కచ్చితంగా ఉండాలి, లేకపోతే బరువంతా గాల్లోకి పోయి స్టాండ్ సైకిల్‌తో సహా పడుతుంది. ఎత్తు ముందే సెట్ చేసుకోండి. సైకిల్ తగిలించాక ఎత్తు మార్చే లివర్ వదిలితే మొత్తం జర్రున కిందికి దిగుతుంది, మధ్యలో మీ వేళ్లుంటే ఇక చెప్పక్కర్లేదు. బాటిల్, బ్యాగు తీసేయండి. తగిలించాక కూడా వెంటనే చేయి వదలకండి, మెల్లగా కిందికి నొక్కి చూసి అప్పుడు వదలండి. హ్యాండిల్ తిరగకుండా ఒక తాడుతో ఫ్రేమ్‌కి కట్టేయండి. ఒక చక్రం విప్పితే బరువు ఒకవైపుకి మారుతుంది, అప్పుడు ఒక చేయి సైకిల్ మీదే ఉండాలి.

పెడల్ విప్పడం లాంటి బలం పెట్టే పనులు స్టాండ్ మీద చేయొద్దు. రెండు చక్రాలూ నేల మీద పెట్టి చేయండి. అన్నట్టు, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది, మర్చిపోయి అదే పనిగా బిగిస్తూ కూర్చోకండి.

ఇక వేళ్లు. స్టాండ్ మీద చక్రం తేలిగ్గా, జోరుగా తిరుగుతుంది కాబట్టి ఆటలా అనిపిస్తుంది. తిరిగే చక్రాన్ని స్పోకుల్లో చేయి పెట్టి ఆపొద్దు, బ్రేక్ నొక్కి ఆపండి. డిస్క్ అంచు బ్లేడులా కోస్తుంది. చెయిన్ తుడిచేటప్పుడు పెడల్ వెనక్కి తిప్పుతూ, కింది వరస మధ్యలోనే గుడ్డ పట్టుకోండి, పళ్ల చక్రం దగ్గరికి పోనివ్వకండి. ఫ్రీవీల్ లేని ఫిక్సీ అయితే ఇంకా ప్రమాదం. అందులో చక్రం తిరిగినంతసేపు చెయిన్ ఆగదు, గుడ్డతోపాటు వేలునీ లాక్కుపోతుంది. చక్రం పూర్తిగా ఆపి, కొంచెం కొంచెం జరుపుకుంటూ తుడవండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గది తలుపు వేసేయండి. తిరిగే చక్రం చూస్తే వాళ్ల చేయి ఊరుకోదు.

హైడ్రాలిక్ డిస్క్ ఉన్న చక్రం విప్పాక బ్రేక్ లివర్ నొక్కకండి, ప్యాడ్లు దగ్గరికొచ్చి చక్రం మళ్లీ దూరదు. వాటి మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. చెయిన్ ఆయిల్ డిస్క్ మీద పడితే బ్రేక్ పట్టదు, ఆ వైపు గుడ్డ కప్పుకోండి.

దించేటప్పుడు ముందు సైకిల్‌ని పట్టుకుని, తర్వాతే క్లాంప్ వదులు చేయాలి. సీటుని టేపు గుర్తు దగ్గరికి దించి బిగించండి. చక్రాల నట్లు, రెండు బ్రేకులు చూసుకుని, గేటు లోపలే రెండు రౌండ్లు కొట్టి, ఆ తర్వాతే రోడ్డెక్కండి. ఉంటాను మరి.