వలస కూలి ఒంట్లో దాగే పురుగు

పొలాల్లో చెప్పుల్లేకుండా నాట్లేసిన కూలిమనిషి పరాయి దేశం పోయాక కడుపునొప్పి, దురద అంటే డాక్టరు ఏం చూడాలి? స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగును మరవకూడదంటాం మేము.

మలం కలిసిన తడి మట్టిలోంచి అది పాదాల చర్మం తొలుచుకుని ఎక్కుతుంది. లోపలే సంతతి పెంచుకుంటూ దశాబ్దాలు ఉంటుంది. ఒక్క మలపరీక్షలో చాలాసార్లు దొరకదు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరిగితే అనుమానించాలి, యాంటీబాడీ పరీక్ష చేయాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలతో సాధారణంగా నయమవుతుంది. అది చూడకుండా ఉబ్బసమని స్టెరాయిడ్లిస్తే మాత్రం పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం తీయొచ్చు.

అందుకే ఊరేది, పనేది అని అడగాలి. పక్కన తర్జుమా చేసే తెలుగాయన ఉంటే, పని చెబితే కులం తెలుస్తుందని మనవాళ్లు జంకుతారు. చిన్నచూపు లేకుండా అడిగితేనే నిజం బయటికొస్తుంది, జబ్బూ దొరుకుతుంది.