అమెరికా కంపెనీకి ఆదోని నుంచి పని: మీ ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుంది?

పశ్చిమ కర్నూలు పేరు చెబితే ఇన్నేళ్లూ గుర్తొచ్చింది వలసే. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కృష్ణగిరి వైపు పల్లెల నుంచి సుగ్గికి పోయేవాళ్లు గుంటూరు మిరప చేలకు పోతారు. చదువుకున్నవాళ్లు బెంగళూరుకో హైదరాబాద్‌కో పోతారు. ఇప్పుడు మూడో దారి ఒకటి కనిపిస్తోంది. ఊళ్లోనే ఉండి, ల్యాప్‌టాప్‌లో విదేశీ కంపెనీకి పనిచేయడం.

ఈ దారిలో వెళ్లేవారికి చాలాసార్లు ఒక అనుమానం ఎదురవుతుంది. ఇంటర్వ్యూ చేసింది అమెరికా కంపెనీ. రోజూ పని చెప్పేదీ వాళ్లే. కానీ ఆఫర్ లెటర్ మాత్రం బెంగళూరులోనో ముంబయిలోనో ఉన్న, ఎప్పుడూ పేరు వినని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నుంచి వస్తుంది. ఇది మోసమా?

మోసమే అనుకోనక్కర్లేదు. ఇది ప్రపంచవ్యాప్తంగా నడుస్తున్న పద్ధతే. అయితే ఆ కాగితం మీద ఎవరి పేరుంది, మిమ్మల్ని ఏమని రాశారు అన్నదాన్ని బట్టే మీ పీఎఫ్, గ్రాట్యుటీ, బ్యాంకు రుణం, రేపు గొడవ వస్తే ఎవరిని అడగాలన్నది తేలుతుంది.

అసలు ఏమిటీ పద్ధతి?

దీన్ని 'ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్' అంటారు. క్లుప్తంగా ఈఓఆర్. తెలుగులో చెప్పాలంటే, కాగితాల మీద యజమాని. పని చేయించుకునేది ఒక కంపెనీ, చట్టం దృష్టిలో యజమాని మరో కంపెనీ.

మనకు తెలిసిన ఉదాహరణ ఆప్కాస్. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ శాఖల ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం 2020 జులైలో ఈ కార్పొరేషన్ పని మొదలుపెట్టింది. ప్రైవేట్ ఏజెన్సీలు జీతాల్లో కోత పెడుతున్నాయని, పీఎఫ్ సరిగా కట్టడం లేదని వచ్చిన ఫిర్యాదులే దీనికి నేపథ్యం. ఉద్యోగి పనిచేసేది ఆసుపత్రిలోనో మున్సిపాలిటీలోనో. నియామక పత్రం, జీతం ఆప్కాస్ నుంచి.

ఈఓఆర్ కూడా అలాంటి ఏర్పాటే. కాకపోతే ఇక్కడ పని చేయించుకునేది విదేశంలో ఉన్న ప్రైవేట్ కంపెనీ. డీల్, రిమోట్, మల్టిప్లయర్ వంటి సంస్థలు ఈ సేవను పెద్ద వ్యాపారంగా నడుపుతున్నాయి.

విదేశీ కంపెనీ నేరుగా ఎందుకు తీసుకోదు?

భారత్‌లో ఉద్యోగిని పెట్టుకుంటే జీతంలో పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. పీఎఫ్ కట్టాలి. కార్మిక చట్టాల ప్రకారం రికార్డులు ఉంచాలి. ఇవన్నీ చేయాలంటే సాధారణంగా ఇక్కడ ఒక కంపెనీ రిజిస్టర్ చేయాల్సి వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల కోసం అంత ఖర్చు పెట్టడానికి చిన్న కంపెనీలు ముందుకు రావు.

అందుకే ఇక్కడ అప్పటికే రిజిస్టరైన ఈఓఆర్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటాయి. విదేశీ కంపెనీ డాలర్లలో డబ్బు పంపుతుంది. ఈఓఆర్ పన్ను, పీఎఫ్ మినహాయించి ఉద్యోగి ఖాతాలో రూపాయల్లో జీతం వేస్తుంది. ఇందుకు తీసుకునే ఫీజు, ఉద్యోగికి నెలకు కొన్ని వందల డాలర్ల దాకా ఉంటుంది.

ఈ ఫీజు కట్టాల్సింది విదేశీ కంపెనీ. మీ నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్, ల్యాప్‌టాప్ సెక్యూరిటీ అని డబ్బు అడిగారంటే అక్కడే ఆగండి.

ఉద్యోగా? కాంట్రాక్టరా?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. ఒకే యాప్, ఒకే లాగిన్ ద్వారా రెండు రకాల ఒప్పందాలు రావచ్చు. ఒకటి 'ఎంప్లాయ్‌మెంట్ అగ్రిమెంట్'. రెండోది 'కాంట్రాక్టర్ అగ్రిమెంట్'. పైకి చూస్తే తేడా తెలియదు. ఒకే పని, ఒకే టైమింగ్స్, నెల తిరిగితే ఖాతాలో డబ్బు.

చట్టం దృష్టిలో మాత్రం రెండూ వేర్వేరు. మొదటి దాంట్లో మీరు ఉద్యోగి. రెండో దాంట్లో మీరు బిల్లు పంపి డబ్బు తీసుకునే స్వతంత్ర వ్యాపారి. పీఎఫ్, గ్రాట్యుటీ, వేతనంతో కూడిన ప్రసూతి సెలవు లాంటివి కాంట్రాక్టర్‌కు వర్తించవు. ఈఓఆర్ అనేది మొదటి రకానికే.

కాంట్రాక్టర్‌గా ఉంటే బాధ్యతలన్నీ మీవే. పన్ను బాకీ ఏడాదికి రూ.10,000 దాటితే జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల్లో 15వ తేదీలోగా వాయిదాల్లో ముందస్తు పన్ను కట్టాలి. ఏడాది ఆదాయం రూ.20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తీసుకోవాలి. విదేశాలకు సేవల ఎగుమతిపై పన్ను రేటు సున్నాయే అయినా రిజిస్ట్రేషన్, రిటర్నులు తప్పవు.

ఒక లెక్క చూద్దాం

ఎమ్మిగనూరులో ఒకరికి నెలకు రూ.80,000 జీతం, అందులో బేసిక్ రూ.40,000 అనుకుందాం.

ఉద్యోగి అయితే, బేసిక్ మొత్తంపై 12 శాతం లెక్కన యజమాని వాటా నెలకు రూ.4,800. ఏడాదికి రూ.57,600. కొన్ని కంపెనీలు చట్టంలోని రూ.15,000 పరిమితి మీదే కడతాయి. అప్పుడు నెలకు రూ.1,800, ఏడాదికి రూ.21,600. ఉద్యోగి జీతం నుంచీ అంతే మొత్తం జమ అవుతుంది.

గ్రాట్యుటీ లెక్క ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం. నెలకు 26 పనిదినాలుగా లెక్కిస్తారు. బేసిక్ రూ.40,000 అయితే ఏడాదికి సుమారు రూ.23,077. ఐదేళ్లకు సుమారు రూ.1.15 లక్షలు. కాంట్రాక్టర్‌కు ఈ రెండు చోట్లా వచ్చేది సున్నా.

కాబట్టి కాంట్రాక్టర్‌గా ఎక్కువ డబ్బు ఇస్తామంటే, ఆ 'ఎక్కువ' ఈ మొత్తాలకు మించి ఉందో లేదో లెక్క వేసుకోవాలి. ఇంకో సంగతి. ఇంటి రుణానికి బ్యాంకుకు వెళ్తే ముందుగా అడిగేవి జీతం స్లిప్పులు, ఫారం 16. కాంట్రాక్టర్ దగ్గర ఆ రెండూ ఉండవు. ఐటీ రిటర్నులే చూపించాలి.

కొత్త కార్మిక చట్టాలతో ఏం మారింది?

నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈఓఆర్ ఉద్యోగులకు వీటిలో నాలుగు విషయాలు ముఖ్యం.

మొదటిది, నియామక పత్రం తప్పనిసరి. నోటి మాట, ఈమెయిల్ హామీ సరిపోవు.

రెండోది, వేతనం నిర్వచనం. అలవెన్సుల పేరుతో బేసిక్‌ను బాగా తగ్గించి చూపే వీల్లేదు. మొత్తం జీతంలో సగానికి మించిన అలవెన్సులను వేతనంలో కలిపే లెక్కించాలి.

మూడోది, గ్రాట్యుటీ. మామూలుగా ఐదేళ్ల సర్వీసు ఉండాలి. అయితే నిర్ణీత కాలానికి తీసుకున్న ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాది పూర్తయితే చాలు. మీ ఒప్పందంలో ముగింపు తేదీ ఉందో లేదో చూసుకోండి.

నాలుగోది, చివరి లెక్క. ఉద్యోగం మీరు మానేసినా, వాళ్లు తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి.

ఆఫర్ వచ్చినప్పుడు ఏం అడగాలి?

పీఎఫ్‌లో చేరుస్తారా? ఇది తప్పక అడగాలి. వేతనం రూ.15,000 దాటి, గతంలో ఎప్పుడూ పీఎఫ్ సభ్యులు కానివారిని చేర్చుకోవడం కంపెనీకి తప్పనిసరి కాదు. మొదటి ఉద్యోగమే ఇలాంటిదైతే చేర్చకుండా వదిలేయవచ్చు. ఇంతకుముందు పనిచేసి ఉంటే పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి.

యజమాని పీఎఫ్ వాటా ఎవరి లెక్కలోంచి? సీటీసీలోనే కలిపేస్తే చేతికి వచ్చేది తగ్గుతుంది. చేతికి ఎంత వస్తుందో విడిగా రాయించుకోండి.

జీతం రూపాయల్లోనా, డాలర్ల లెక్కనా? ఇంటర్వ్యూలో డాలర్లలో మాట్లాడి, ఒప్పందంలో రూపాయల్లో రాస్తే చెల్లేది ఒప్పందంలో రాసిందే.

ఆరోగ్య బీమాలో ఎవరెవరు ఉన్నారు? ఈఎస్ఐ వర్తించేది నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారికే. అంతకు మించితే కంపెనీ ఇచ్చే గ్రూపు బీమాయే దిక్కు. తల్లిదండ్రులకు వర్తిస్తుందా, కర్నూలు, ఆదోని ఆసుపత్రులు ఆ జాబితాలో ఉన్నాయా అని చూడండి. బెంగళూరు ఆసుపత్రుల జాబితా ఎంత పెద్దదైనా అర్ధరాత్రి ఆదోనిలో పనికిరాదు.

నోటీసు గడువు ఎంత? మీరిచ్చే నోటీసు, వాళ్లిచ్చే నోటీసు సమానంగా ఉన్నాయా?

కంపెనీ నిజమైనదేనా? ఫోన్‌లోనే చూసుకోవచ్చు

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ప్రస్తుతం నడుస్తోందా లేదా అన్నది కనిపిస్తుంది.

ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో సంస్థల సెర్చ్ ఉంటుంది. ఈఓఆర్ కంపెనీ నెలనెలా పీఎఫ్ కడుతోందా అన్నది అక్కడ తెలుస్తుంది.

చేరిన తర్వాత కూడా రెండు చోట్ల కన్నేసి ఉంచాలి. పీఎఫ్ డబ్బు మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవచ్చు. జీతంలో కోసిన టీడీఎస్ నిజంగా ప్రభుత్వానికి చేరిందా అన్నది ఐటీ శాఖ పోర్టల్‌లోని ఏఐఎస్‌లో తెలుస్తుంది. స్లిప్‌లో కోత కనిపించి ఈ రెండు చోట్లా జమ కనిపించకపోతే, ఏడాది చివరి దాకా ఆగకుండా అప్పుడే అడగాలి.

విదేశీ కంపెనీ వద్దంటే ఏమవుతుంది?

ఈ పద్ధతిలో ఉద్యోగికి ఉన్న పెద్ద బలహీనత ఇక్కడే ఉంది. మీ పనిని అంచనా వేసేది, వద్దని నిర్ణయించేది విదేశీ కంపెనీ. కానీ మీకు దానితో నేరుగా ఉద్యోగ ఒప్పందం ఉండదు. దాన్ని ఇక్కడి కార్మిక శాఖ ముందుకు రప్పించడం కష్టం.

అయితే బలం కూడా ఇక్కడే ఉంది. ఒప్పందం ఉన్నది భారత్‌లో రిజిస్టరైన ఈఓఆర్ కంపెనీతో. 'విదేశీ క్లయింట్ డబ్బు పంపలేదు' అన్నది వాళ్లిద్దరి మధ్య వ్యవహారం. చేసిన పనికి జీతం, ఒప్పందంలో ఉన్న నోటీసు కాలపు వేతనం, చివరి లెక్క ఇవ్వాల్సింది ఈఓఆరే. నేరుగా విదేశీ కంపెనీతో కాంట్రాక్టర్‌గా సంతకం పెట్టినవారికి ఈ పట్టు ఉండదు. ఆ ఒప్పందాల్లో వివాదాలు ఏ విదేశీ కోర్టులోనో తేల్చుకోవాలని రాసి ఉండొచ్చు. లక్ష రూపాయల బకాయి కోసం కాలిఫోర్నియా కోర్టుకు వెళ్లేవారెవరు?

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

పీఎఫ్ జమ కాకపోతే ఈపీఎఫ్ఓ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో. యూఏఎన్ నంబరు ఉంటే ఇంట్లో కూర్చునే చేయొచ్చు.

జీతం, చివరి లెక్క విషయంలో రాష్ట్ర కార్మిక శాఖకు. మన ప్రాంతం వారు కర్నూలులోని కార్మిక శాఖ కార్యాలయంలో అడగవచ్చు. నియామక పత్రం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, తొలగింపు ఈమెయిల్ దగ్గర ఉంచుకోండి. కంపెనీ యాప్‌లో ఉన్న కాగితాలను ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఉద్యోగం పోయిన రోజే లాగిన్ కూడా ఆగిపోవచ్చు.

న్యాయ సలహాకు 15100 నంబరు ఉంది. ఇది జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

ఉద్యోగం పేరుతో డబ్బు కట్టించుకుని మోసం చేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

విదేశానికి వెళ్లే ఉద్యోగమైతే దారి వేరు

'ఈఓఆర్ ద్వారా దుబాయ్ పంపిస్తాం' అని ఎవరైనా అంటే జాగ్రత్త. విదేశాలకు మనుషులను పంపడం 1983 నాటి వలసల చట్టం కిందికి వస్తుంది. అందుకు విదేశాంగ శాఖ వద్ద రిజిస్టరైన ఏజెంటు కావాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అది చట్ట విరుద్ధం.

చివరగా

సుగ్గికి పోయేవాళ్లకు మేస్త్రీ ఎవరో తెలుసు. కూలి తక్కువైతే ఎవరిని నిలదీయాలో తెలుసు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవారికీ ఆ స్పష్టత ఉండాలి. సంతకానికి ముందు ఒప్పందంలో మూడు మాటలు వెతకండి: యజమాని పేరు, 'ఎంప్లాయీ' అన్న పదం, వివాదాలు ఏ దేశ చట్టం కింద అన్నది. మూడూ భారత్‌లో మీ చేతికి అందేలా ఉంటేనే జీతం అంకె వైపు చూడండి.